దొమితిలాని పిలిచిన గొంతు

మా వైపు కొంపాద్రెని తిట్టకూడదు. మన బిడ్డ జ్ఞానస్నానం రోజున ఆ బిడ్డని చేతుల్లో పట్టుకుని దేవుడి ముందు నిలబడినవాడు కొంపాద్రె. తోడబుట్టినవాడితో పోట్లాడొచ్చు, కట్టుకున్నవాడి మీద గిన్నె విసరొచ్చు, ఫాదర్ గారి వెనకాల గొణుక్కోవచ్చు. కొంపాద్రె మీద మాత్రం నోరు లేవకూడదు. ఆయన ఏదైనా అడిగితే లేదనకూడదు. ఎంత దగ్గరైనా "మీరు" అనే పిలవాలి. బిడ్డ తల్లిని ఆయన కొమాద్రె అంటాడు. మా అమ్మ అలాగే బతికింది, నేనూ అరవై రెండేళ్ళు అలాగే బతికాను. అందుకే ఈ సంగతి చెబుతుంటే నోటిదాకా వచ్చిన మాటలు సగం మింగేస్తున్నాను. ఆ సగం ఏమిటో మీరే ఊహించుకోండి.

మా కొంపాద్రె పేరు అబ్దోన్. మా అమ్మాయి మరీత్సాని ఎత్తుకుని నిలబడింది ఆయనే. చెట్టు విరిగి మీద పడి మా ఆయన పోయినప్పుడు శవపేటికకి ముందు భుజం పట్టిందీ ఆయనే. ఆయన పొలానికీ నా అడవికీ మధ్య ఒక వాగు ఉంది. అటువైపు అడవినంతా ఆయన ఎప్పుడో కొట్టేసి ఆవులకి గడ్డి వేశాడు. ఇటువైపు నాది అలాగే ఉంది. మనమూ కొట్టేద్దామని మా ఆయన ఏడాదికోసారి అనేవాడు, నేను గొడ్డలి దాచేసేదాన్ని. అదేదో గొప్ప మనసు అనుకోకండి. అడవి పోయి ఆవులొస్తే పొద్దున్నే లేచి పాలు పిండాల్సింది నేనే కదా!

ఆ అడవిలోదే దొమితిలా. అది ఒక పిట్ట. ఒళ్ళు కొబ్బరికాయంత ఉంటుంది, కాళ్ళు రెండు పుల్లలు, తోక ఉండీ లేనట్టే. వీపు బురద రంగు, పొట్ట ఇటుక రంగు, పొట్ట మీద నల్లటి గీతలు. రెక్కలున్నాయన్న మాటే గానీ ఎగరడమంటే దానికి మహా చిరాకు. నేల మీద రెండు గెంతులు గెంతి, అర నిమిషం రాయిలా నిలబడి, మళ్ళీ రెండు గెంతులు గెంతుతుంది. పుస్తకాల్లో దాన్ని చీమపిట్ట అంటారట. అది చీమని తినగా నేనెప్పుడూ చూడలేదు. దానికి కావలసింది వానపాములు. ఈ కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది దాని కూత విన్నారే గానీ దాన్ని చూడకుండానే పోయారు. పొగమంచులో, వెదురు పొదల కింద, నాచు పట్టిన మోడుల మధ్య అది పక్కనే నిలబడి ఉన్నా కంటికి ఆనదు.

దొమితిలా అన్నది మా అత్తగారి పేరు. ఆవిడా అంతే. పిలిస్తే వచ్చేది కాదు. వచ్చిందంటే ఒక్క మాట మాట్లాడేది కాదు. గుమ్మంలో నిలబడి నేను చేసే ప్రతి పనిలోనూ తప్పు వెతుకుతున్నట్టు చూసేది. ఒకరోజు దారి పక్కన కాలువ తవ్వుతూ వెనక్కి తిరిగితే ఈ పిట్ట సరిగ్గా ఆ చూపుతో నన్ను చూస్తోంది. "అత్తయ్యా, మీరా!" అన్నాను. తుర్రుమంది.

ఆ రోజు మొదలు పదకొండు నెలలు పట్టింది. రోజూ పొద్దున ఆరింటికి, వానైనా జ్వరమైనా, అదే మోడు మీద వానపాములు పెట్టి అవే మాటలతో పిలిచాను. మొదటి నాలుగు నెలలు అది కనపడనే లేదు. వానపాములు మాయమయ్యేవి, అంతే. ఎలుకల్ని మేపుతున్నానేమో అని నా మీద నాకే నవ్వొచ్చేది. ఐదో నెలలో ఆకుల మధ్య ఒక కన్ను కనపడింది. ఎనిమిదో నెలలో పొదలోంచి బయటికి వచ్చింది. వానపాములకి మట్టి అంటి ఉంటే ముక్కు విదిలించుకుని అలిగి వెళ్ళిపోతుందనీ, వాగులో కడిగి రెండు ముక్కలు చేసి పెడితే తింటుందనీ నెమ్మదిగా తెలిసింది. ఎంతైనా అత్తగారి పేరు కదా, వంకలు లేకుండా ఎలా ఉంటుంది? పదకొండో నెలలో నా చెప్పుకి మూరెడు దూరంలో నిలబడి తింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన పోయాక ఇంట్లో నా గొంతు విని పలికే ప్రాణి లేదు. ఇది పలికింది.

తరవాత మనుషులు రావడం మొదలుపెట్టారు. బారెడు కెమెరాలు మెళ్ళో వేసుకుని ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వచ్చేవారు. ఒక జర్మనీ పెద్దాయన ఆ జాతి పిట్ట కోసం ఏడేళ్ళు తిరిగాడట. దొమితిలా మోడెక్కగానే టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. వచ్చినవాళ్ళకి నేను వేడి బెల్లం నీళ్ళూ, చీజ్ పెట్టి చేసిన అరటికాయ ఉండలూ పెట్టేదాన్ని. వాళ్ళిచ్చేదాంతో ఇల్లు గడిచిపోయేది. గొడ్డలి తుప్పు పట్టింది.

అప్పుడొచ్చాడు కొంపాద్రె, చంకలో ఒక కోడిపెట్టతో.

"కొమాద్రె, లోకమంతా వచ్చి మీ పిట్టని చూసి పోతోంది. వాగవతల ఉండి నేను చూడకపోతే ఏం బాగుంటుంది చెప్పండి?"

"పొద్దున ఆరింటికి లేవాలి కొంపాద్రె. మీకు ఎనిమిదైతే గానీ తెల్లారదు కదా!"

"మీకోసం ఐదింటికే తెల్లారుస్తాను."

లేదనకూడదు కదా. అనాలని కూడా అనిపించలేదు. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. మర్నాడు ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వానపాముల్ని ఎక్కడ తవ్వాలో, ఎలా కడగాలో, ఎలా కోయాలో అన్నీ చెప్పాను. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇదెందుకు?"

"వీడియో తీసి మన పిల్లకి పంపిస్తాను. పట్నంలో ఆ బేకరీలో పొద్దస్తమానం పిండి పిసికీ పిసికీ మొహం మాడ్చుకుని ఉంటుంది. వాళ్ళమ్మ పిట్టతో కబుర్లాడుతుంటే చూసి నవ్వుకుంటుంది."

మరీత్సా పేరెత్తాక ఇంకేమంటాను? పిలిచాను. "దొమితిలా! రా తల్లీ, రా! బంగారు కాళ్ళ తల్లీ, రా!" ఆకులు కదిలాయి. ఆయన ముందుకు వంగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "కదలకండి కొంపాద్రె, వస్తోంది."

వచ్చింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. అవి దొంగ కన్నీళ్ళని ఇప్పటికీ అనలేను. అందుకే ఇంకా మండుతుంది నాకు.

నాలుగు నెలల తరవాత దొమితిలా ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. తరవాత వచ్చినా ఒక ముక్క తిని వెళ్ళిపోయేది. తరవాత రావడమే మానేసింది. నా వెనక బల్ల మీద పరదేశపు వాళ్ళు వానలో తడుస్తూ కూర్చునేవారు, నేను గొంతు పోయేదాకా పిలిచేదాన్ని. వాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనేవారు కాదు. ఆ అనకపోవడానికే నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఏ పామో మింగిందా? నావల్ల ఏమైనా తప్పు జరిగిందా? సబ్బు మార్చాను, వాసన నచ్చలేదేమో అని పాత సబ్బే మళ్ళీ కొన్నాను. అన్నం సయించలేదు.

కొంపాద్రె దగ్గరే చెప్పుకుని ఏడ్చాను. ఇంకెవరున్నారు నాకు?

"మనుషులకి మారినట్టే పిట్టలకీ మనసు మారుతుందేమో కొమాద్రె," అన్నాడు నా వీపు నిమురుతూ. "సెయింట్ ఫ్రాన్సిస్‌కి కొవ్వొత్తి వెలిగిద్దాం పదండి. జంతువులన్నీ ఆయన మాట వింటాయి."

ఇద్దరం గుడికి వెళ్ళాం. నా కొవ్వొత్తి గాలికి ఆరిపోతే ఆయనే అగ్గిపుల్ల గీసి మళ్ళీ వెలిగించాడు. ఆ చేతులు ఒక్క రవ్వ వణకలేదు.

తరవాతి వారం ఒక పొద్దున పొగమంచు లేదు. గాలి వాగు అవతల నుంచి వీస్తోంది. ఎవరూ రాని రోజది, నేనొక్కదాన్నే మోడు దగ్గర పాలపొడి డబ్బాలో వానపాములు పట్టుకుని కూర్చున్నాను. పిలుద్దామని గాలి పీల్చుకున్నాను. ఇంకా నోరు తెరవలేదు.

"దొమితిలా! రా తల్లీ, రా!"

నా గొంతు! నేను పిలవలేదు, నా గొంతు పిలిచింది. శిలువ గీసుకున్నాను. చచ్చిపోయానేమో, నా ఆత్మ అడవిలో తిరుగుతోందేమో అనుకుని తొడ మీద గట్టిగా గిల్లుకున్నాను. నొప్పి పుట్టింది. గొంతు మళ్ళీ వినిపించింది.

"బంగారు కాళ్ళ తల్లీ, రా! కదలకండి కొంపాద్రె, వస్తోంది."

డబ్బా చేతిలోంచి జారిపోయింది.

అప్పుడే నా కుడిపక్క పొదలోంచి దొమితిలా బయటికి దూకింది. నేను దానికి పది అడుగుల దూరంలో ఉన్నాను, నావైపు చూడలేదు. వాగులో రాళ్ళ మీద గెంతి అవతలి గట్టెక్కింది. అవతల ఏముంది? చెట్టూ చేమా లేని గడ్డి. అడవి నీడ దాటి ఎరగని పిట్ట, ఎగరడానికి బద్ధకించే పిట్ట, ఆ ఎండలో, ఆ బయలులో, నా గొంతు కోసం పరిగెత్తింది. కంచె గుంజ మీద ఒక గద్ద కూర్చుని ఉంది.

నేనూ వాగు దాటాను. కంచె పక్కనే పొద చాటున ఆగి చూశాను. గడ్డికి అవతల, రోడ్డు వైపు, కొత్తగా రేకుల షెడ్డు వేసి ఉంది. నేను ఆ రోడ్డున వెళ్ళి ఏడాదైంది. లోపల బల్ల మీద నలుగురు కెమెరాలతో కూర్చున్నారు. ఎదురుగా ఒక కొమ్మకి ప్లాస్టిక్ సంచిలో ఫోన్ వేలాడుతోంది. దాని కింద మోడు, మోడు మీద వానపాములు. కడగలేదు కూడా, మట్టితోనే పడేశాడు. దొమితిలా ముక్కు నిండా కరుచుకుంది. మింగలేదు. మూటలా పట్టుకుని వెనక్కి తిరిగింది.

నాకు అర్థమైంది. ఇటు నా అడవిలో దానికి పిల్ల ఉంది. రోజుకి ఎన్నిసార్లు ఆ ఫోన్ పిలిస్తే అన్నిసార్లు ఆ గడ్డి దాటి వస్తోంది, మేత పట్టుకుని దాటి పోతోంది. గుంజ మీది గద్ద రెక్కలు విప్పింది. నేను "ఓయ్!" అని కేక పెట్టాను. గద్ద వాలింది, దొమితిలా పక్కకి దూకింది, నాలుగు ఈకలు గాల్లోకి లేచాయి. దొమితిలా వాగు ఒడ్డున ఫెర్న్‌లలో పడి లోపలికి పోయింది. షెడ్డులో వాళ్ళు "అబ్బ!" అన్నారు. కెమెరాలు టకటకలాడాయి.

వాళ్ళు వెళ్ళేదాకా ఆగాను. కొంపాద్రె నన్ను చూసి, టోపీ సర్దుకుని, ఏమీ జరగనట్టు నవ్వాడు.

"రండి కొమాద్రె, కాఫీ తాగుతారా?"

కొంపాద్రెని తిట్టకూడదు. అందుకని ఫోన్‌ని తిట్టాను. "ఓసి దొంగముండా! నీ నోట్లో మన్ను పడ! నా నోరు కొట్టేసి నా పిట్టని పిలుస్తావా? నీ జిమ్మడ, నీ వంశం నాశనమైపోను!" ఆయన తలొంచుకుని విన్నాడు. ఎవర్ని తిడుతున్నానో ఆయనకి తెలియకనా?

"అయిపోయిందా?" అన్నాడు.

"మరీత్సాకి పంపుతానన్నారు."

"పంపాననే అనుకున్నాను."

"మొన్న ఆదివారం దాన్ని అడిగాను. ఏం వీడియో అమ్మా అంది. మర్చిపోయి ఉంటారులే అని మీ తరఫున నేనే సర్ది చెప్పాను."

ఆయన ఫోన్‌ని సంచిలోంచి తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "మీరు కాదనలేదు కదా కొమాద్రె. తీసుకోమన్నారు, తీసుకున్నాను. గాల్లోకి వదిలేసిన మాట, అందులో మీది ఎంత, నాది ఎంత? అడవి దేవుడిది, పిట్ట దేవుడిది."

"గుడికి వచ్చారు నాతో! కొవ్వొత్తి వెలిగించారు!"

"మీరు బాధపడుతుంటే చూడలేకపోయాను," అన్నాడు. నిజంగానే అన్నాడు. నమ్మినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

గొంతు తగ్గించుకున్నాను. నా సంగతి వదిలేద్దాం అనుకున్నాను.

"దానికి పిల్ల ఉంది కొంపాద్రె. ఇందాక గద్ద చూశారా?"

"గద్దకీ పిల్లలుంటాయి కొమాద్రె."

"పోనీ ఆ గడ్డిలో నాలుగు మొక్కలైనా నాటండి. నీడ ఉంటే దాక్కుంటూ వస్తుంది."

"నీడ ఉంటే ఫొటోలు నల్లగా వస్తాయట. వెలుతురు కావాలంటున్నారు."

"ఒక్క నెల ఆపండి. పిల్ల పెద్దదయ్యేదాకా. తరవాత మీ ఇష్టం, ఊరంతా ఫోన్లు కట్టుకోండి. ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేనేమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కాదనకూడదు."

ఆయన నా చేయి పట్టుకున్నాడు. "సరే. నెల రోజులు ఆపుతాను. మరీత్సా మీద ఒట్టు."

మరీత్సా మీద! జ్ఞానస్నానం రోజు దాన్ని పట్టుకున్న ఆ చేతులతోనే నా చెయ్యి పట్టుకుని అన్నాడు. నేను నమ్మాను. అంత జరిగాక కూడా నమ్మాను. ఇంటికొచ్చి ఆకలేసి రెండు అరటికాయ ఉండలు తిన్నాను, అంత తేలికైపోయింది మనసు.

మర్నాడు పొద్దున ఆరింటికి వాగు అవతల నా గొంతు పిలిచింది. "రా తల్లీ, రా!"

గుమ్మంలో కూర్చుని ఆలోచించాను. ఫోన్‌ని పగలగొడితే ఇంకోటి కొంటాడు. ఊరి పెద్దల దగ్గరికి వెళ్తే, కొంపాద్రె మీద ఫిర్యాదా అని నా మొహమే చూస్తారు. ఆయన్ని ఆపలేను. గద్దని ఆపలేను. నా చేతిలో ఉన్నది ఒక్కటే. ఆ గొంతు నాది.

ఆ రోజు రెండు గిన్నెల నిండా వానపాముల్ని తవ్వాను. ఎప్పుడూ లేనంత శుభ్రంగా కడిగాను. పాలపొడి డబ్బా ఖాళీ చేసి, పొడుగు కత్తి పక్కన పెట్టుకుని, మోడు దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం ఫోన్ ఊరుకున్న వేళ చూసి పిలిచాను. ఎప్పటిలాగే, అదే ప్రేమతో పిలిచాను. ప్రేమ నటించాల్సిన పని లేదు కదా!

"దొమితిలా! రా తల్లీ, రా! బంగారు కాళ్ళ తల్లీ, రా!"

వచ్చింది. ఇన్ని వారాల తరవాత వచ్చింది. తొడ దగ్గర ఈకలు ఊడి ఎర్రగా ఉంది. మోడు మీదికి ఎక్కింది, తల పక్కకి వంచి నన్ను చూసింది. అత్తగారి చూపు కాదది. ఇల్లు చేరినదాని చూపు. ముక్కు వానపాము మీదికి వంచింది.

కత్తితో డబ్బా మీద బలం కొద్దీ బాదాను. "రా తల్లీ!" అని అరుస్తూనే బాదాను. చెవులు దిమ్మెక్కాయి. అది గాల్లోకి ఎగిరిపడి, మోడుకి కొట్టుకుని, పొదలోకి దొర్లిపోయింది.

సాయంత్రం మళ్ళీ పిలిచాను. వచ్చింది. పిచ్చిది, మళ్ళీ వచ్చింది. ఈసారి దూరంగా ఆగింది. మట్టిబెడ్డలు విసిరాను, రా తల్లీ రా తల్లీ అంటూ విసిరాను. ఒకటి వీపుకి తగిలింది. మర్నాడు పొద్దున పిలిస్తే ఆకుల మధ్య ఒక కన్ను మాత్రం కనపడింది, ఐదో నెలలో కనపడినట్టు. డబ్బా ఎత్తగానే ఆ కన్ను కూడా పోయింది. నాలుగోసారి పిలిచినప్పుడు అడవిలో ఏదీ కదల్లేదు. పదకొండు నెలల్లో కట్టింది రెండు రోజుల్లో కూలింది. నేను ఆ మోడుని వాటేసుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

పది రోజులకి కొంపాద్రె వచ్చాడు. చంకలో కోడిపెట్ట లేదు.

"ఏం చేశారు కొమాద్రె? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిలుస్తున్నా రావట్లేదు. వచ్చినవాళ్ళంతా మొహం మీదే నవ్వి పోతున్నారు. ఏం చేశారు చెప్పండి!"

నేను అరటికాయ చెక్కు తీస్తున్నాను. తల ఎత్తలేదు.

"నీ కొమాద్రె చచ్చిపోయింది అబ్దోన్. ఫోన్‌లో ఉంది, వెళ్ళి దాన్నే అడుగు."

నువ్వు అన్నాను. పేరు పెట్టి పిలిచాను. పాతికేళ్ళలో మొదటిసారి. తిట్టలేదు, కానీ ఆయన మొహం చెంపదెబ్బ తిన్నట్టు అయిపోయింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నా దగ్గరికీ ఎవరూ రావడం లేదు. గొడ్డలి తుప్పు అలాగే ఉంది, దాని జోలికి పోను. మరీత్సా పంపేదాంతోనూ, కోడిగుడ్లతోనూ నెట్టుకొస్తున్నాను.

నిన్న కాలువలో ఆకులు తీస్తూ అలిసిపోయి ఒక వేరు మీద కూర్చున్నాను. పొగమంచు దిగింది. ఎదురుగా, పది అడుగుల దూరంలో, నాచు మోడు పక్కన ఏదో గెంతింది. దొమితిలా! తొడ మీద ఈకలు మళ్ళీ మొలిచాయి. దాని వెనక ఇంకోటి గెంతింది, సగమే ఉంది, ఒంటి నిండా బూరు, కాళ్ళు మాత్రం పొడుగు. నేను తవ్విన మట్టిలో తల్లి వానపాముని లాగి దాని నోట్లో పెట్టింది. ఎంత పెద్దదైంది! "బంగారు తల్లీ" అన్న మాట నా గొంతులోకి వచ్చేసింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఒక్క ముక్క పైకి వస్తే అవి రెండూ పారిపోతాయి. అలా నేర్పింది నేనే.

అవి నన్ను చూడలేదు. నేను కళ్ళారా చూశాను. ఎంతసేపో చూడనిస్తాయి అనుకున్నాను.

వాగు అవతల ఫోన్ మొదలైంది. అబ్దోన్ ఇంకా ఆశ వదులుకోలేదు. "దొమితిలా! రా తల్లీ, రా!"

దొమితిలా ఒళ్ళు బిగుసుకుంది. పిల్లని ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. రెండూ అడవి లోపలికి, గడ్డికీ రోడ్డుకీ దూరంగా, పడుతూ లేస్తూ పరిగెత్తాయి. నా గొంతు విని, నా గొంతుకి భయపడి, అంత వేగంగా పరిగెత్తాయి.

"కదలకండి కొంపాద్రె," అంది ఫోన్ నా గొంతుతో, "వస్తోంది."

నేను నోటి మీంచి చేతులు తీయలేదు.